గోడబీరువా తలుపులు

అడగందే అమ్మైనా పెట్టదని సామెత చెప్పిన పెద్దలే, ఒకరిని దేహీ అనడం కన్నా ఉపవాసం నయమని కూడా చెప్పి వెళ్ళిపోయారు. ఈ రెండు మాటల మధ్యా మనం, ముఖ్యంగా ఆడవాళ్ళం, జీవితమంతా ఊగిసలాడుతూనే ఉంటాం. పెళ్ళి పంక్తిలో ఇంకో గారె తినాలని ఉన్నా నోరు తెరిచి అడగం. చేబదులు తీసుకున్నావిడ వీధిలో ఎదురైతే, అప్పు మనమే ఎగ్గొట్టినట్టు తల దించుకుని పక్కసందులోకి తిరిగిపోతాం. అలాంటి నేను ఒకప్పుడు ఒక ఇన్సూరెన్సు కంపెనీవారికి ఉత్తరం రాసి, "నాకు రావలసింది ఇంతా, మీరిచ్చింది ఇంతా, మిగతాది ఇవ్వండి" అని అడిగాను. అడగడం పెద్ద కష్టమనిపించలేదు. అడిగేముందు నాలుగు రాత్రులు నిద్ర లేకపోవడమే కష్టమైంది. ఆ నిద్ర లేకపోవడం గురించే ఈ కబుర్లు.

మా ఇల్లు దిల్‌సుఖ్‌నగర్ బస్టాండుకి కాస్త దూరంగా, సరూర్‌నగర్ చెరువుకి కాస్త దగ్గరగా ఉంది. 2009లో బ్యాంకు అప్పుతో కొన్నాం. చెరువుగాలి వస్తుందని ముచ్చటపడ్డాం కూడాను. గాలితోపాటు చెరువు కూడా వస్తుందని 2020 అక్టోబర్ 13 రాత్రి తెలిసింది. ఆ రోజు ఘట్‌కేసర్ వైపు ఒక్కరోజులోనే 32 సెంటీమీటర్ల వాన పడిందని తరవాత పేపర్లో చదివాం. ఆ రాత్రి మాత్రం సెంటీమీటర్ల లెక్క ఎవరికీ పట్టలేదు. వాకిట్లో నీళ్ళు, వసారాలో నీళ్ళు, ఇంతలో దేవుడి గదిలో నీళ్ళు. మంచాలమీద పరుపులు, పరుపులమీద బియ్యం డబ్బా, దానిమీద మావారి సర్టిఫికెట్ల పెట్టె. తెల్లవారుతూండగా మేడమీద మరిది వాటాలోకి చేరాం. కరెంటు లేదు, తాగడానికి నీళ్ళు లేవు. చుట్టూ మాత్రం నీళ్ళే!

రెండోనాటికి ఎల్బీనగర్‌లో మా చెల్లెలింటికి వెళ్ళాం. వాళ్ళది మూడో అంతస్తు. కరోనా రోజులు కనుక మూతికి గుడ్డ కట్టుకుని, ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కి, మూడో స్టేషన్‌లో దిగి, రోజూ వచ్చి బురద ఎత్తిపోసుకునేవాళ్ళం. పైన రైలు శుభ్రంగా, చల్లగా పోతూంటుంది. కింద మా కాలనీలో పరుపులు, పుస్తకాలు, పెళ్ళి ఆల్బమ్‌లు గోడలమీద ఆరుతూంటాయి. మనిషి బతుకంతా నాలుగు గోడలమధ్య దాచుకుంటాడు గాని, వరద వచ్చిన మర్నాడు చూడండి, ఎవరింట్లో ఏముందో ఊరంతా చూస్తుంది.

అప్పుడు గుర్తొచ్చింది ఇన్సూరెన్సు. బ్యాంకు అప్పిచ్చేటప్పుడు మాచేత ఒక పాలసీ తీయించారు. దానిమీద సంతకం పెట్టడమే గాని, చదివిన పాపాన పోలేదు. మావారు దాన్ని ట్రంకుపెట్టెలోంచి తీసి, కళ్ళజోడు తుడుచుకుని చదివారు. చదివిన కొద్దీ ఆయన ముఖం సన్నబడింది. పాలసీ ఇంటికే గాని ఇంట్లో సామానుకి లేదు. అంటే ఫ్రిజ్జు, టీవీ, పరుపులు, బట్టలు అన్నీ గంగార్పణం. గోడలకీ, నేలకీ, తలుపులకీ, కరెంటు వైరింగుకీ మాత్రమే రక్షణ. మరి బ్యాంకువారికి తాకట్టు ఉన్నది గోడలే గాని నా పట్టుచీరలు కావుగదా!

సరే, ఉన్నదానికే క్లెయిం రాద్దామని కూర్చున్నాం. పక్కింటి పిన్నిగారు సలహా చెప్పడానికి వచ్చారు. ఆవిడకి ఇలాంటి వ్యవహారాల్లో అందెవేసిన చెయ్యి.

"ఉన్నదున్నట్టు రాశావంటే మునిగిపోతావే అమ్మాయ్! వాళ్ళు సగం కోస్తారు. అందుకని మనం రెండింతలు రాయాలి. కొత్తపేట పళ్ళ మార్కెట్టులో నువ్వు బత్తాయిలు బేరం చెయ్యలేదూ? ఇదీ అంతే" అన్నారు.

ఆ మాట విని నవ్వాను గాని, నవ్వి తీసిపారేయదగ్గ మాట కాదు. కొట్టువాడు రెండు వందల చీరకి నాలుగు వందలు చెబుతాడు, మనం సగానికి అడుగుతాం కనక. మనం సగానికి అడుగుతాం, వాడు రెట్టింపు చెబుతాడు కనక. ఇందులో మొదట అబద్ధమాడింది ఎవరో బ్రహ్మకి కూడా తెలియదు. ఇద్దరికీ అలవాటైన అబద్ధం అబద్ధమవుతుందా, లేక అదొక భాషవుతుందా? మధ్యలో ఇబ్బందల్లా ఆ భాష రానివాడికి. చెప్పిన ధరకి చీర కొనుక్కుని ఇంటికి వచ్చే అమాయకురాలికి.

మేం రెండింతలు రాయలేదు. మావారికి లెక్కల్లో అంత ధైర్యం లేదు. మేస్త్రీచేత, ఎలక్ట్రీషియన్ చేత అంచనాలు రాయించి మూడు లక్షల ఇరవై వేలకి క్లెయిం పంపాం. కాని, ఇక్కడే ఒక చిన్న సంగతి ఉంది. వంటింటి పక్కగదిలో చెక్కతలుపుల గోడబీరువా ఒకటి ఉంది. దాని తలుపులు వరదకి ముందే చెదలు తినేశాయి. పైకి రంగు ఉంది గాని వేలితో నొక్కితే పొడి రాలేది. ఆ ఏడాది ఉగాదికే మార్పిద్దామనుకుని, కరోనా వచ్చి ఊరుకున్నాం. వరద నీళ్ళలో అవి ఊడి పడ్డాయి. మేస్త్రీ తన అంచనాలో వాటినీ రాశాడు. నేను చూశాను. చూసి ఊరుకున్నాను. ఎవరూ అడగలేదు, నేను చెప్పలేదు. ఇందులో నోరు తెరిచి ఆడిన అబద్ధం ఒక్కటీ లేదు సుమండీ!

కంపెనీవారు పంపిన సర్వేయరుగారు వచ్చారు. పాపం, మంచి మనిషే. ఆ వారంలో మాలాంటి ఇళ్ళు ఎన్ని చూశాడో, బూట్లు చేత్తో పట్టుకుని, పంట్లాం మడిచి, బురదలోనే గదులన్నీ తిరిగి ఫొటోలు తీసుకున్నాడు. టీ ఇస్తే, "వద్దమ్మా, మీకే గ్యాసుకి ఇబ్బంది" అన్నాడు. ఆ మాటకే నాకు కళ్ళు చెమర్చాయి. బీరువా తలుపులు కూడా చూసి రాసుకున్నాడు.

తరవాత రెండు నెలలకి కంపెనీ నుంచి కాగితం వచ్చింది. నష్టం రెండు లక్షల నలభై వేలని తేల్చారట. అందులో సగం, అంటే లక్షా ఇరవై వేలు ఇస్తారట. సగమెందుకంటే, ఇంటి విలువ ఇరవై నాలుగు లక్షలుండగా మేం పన్నెండు లక్షలకే ఇన్సూరు చేశామట. దీనికి యావరేజి క్లాజని పేరు. మా చెల్లెలి కొడుకు లా చదువుతున్నాడు, వాడు విడమరిచి చెప్పాడు. "చూడు పెద్దమ్మా, నాలుగు బానల నీళ్ళకి నువ్వు రెండు బానల డబ్బే కట్టావనుకో. ఒక చెంబు ఒలికినా, అందులో సగమే కంపెనీది, సగం నీది. విలువ తక్కువ చూపిస్తే ప్రీమియం తగ్గుతుంది, నష్టపరిహారమూ ఆ మేరకే తగ్గుతుంది."

వినడానికి న్యాయంగానే ఉంది. మావారు నిట్టూర్చి, "పోనీ, వచ్చిందే పదివేలు. సంతకం పెట్టి పంపిద్దాం" అన్నారు. చెల్లెలి కొడుకు పడనివ్వలేదు. "సర్వేయరు రిపోర్టు నకలు అడగండి. అడిగితే ఇవ్వాలి" అన్నాడు. అడిగాం. పదిహేను రోజులకి ఇచ్చారు.

ఆ రిపోర్టు నేనే చదివాను. మధ్యాహ్నం వంట ముగిశాక, రేషన్ లెక్క సరిచూసుకున్నట్టు ఒక్కొక్క పంక్తీ వేలు పెట్టి చదివాను. మూడో పేజీలో ఇంటి వైశాల్యం దగ్గర ఆగిపోయాను. కింది వాటా, మేడమీద వాటా రెండూ కలిపి వేశారు! మేడ మా మరిదిది. రిజిస్ట్రేషన్ వేరు, కరెంటు మీటరు వేరు. మా పాలసీ కింది వాటాకే. కింది వాటా ఒక్కటీ వేసుకుంటే, పాతబడ్డ తరుగు పోను, విలువ పదమూడు లక్షలే అవుతుంది. పన్నెండుకీ పదమూడుకీ ఉన్న తేడా పదిహేను శాతం లోపలే. అంత తేడా ఉంటే కోత పెట్టకూడదని మా పాలసీలోనే ఉంది. అంటే నాకు రావలసింది సగం కాదు, పూర్తిగా రెండు లక్షల నలభై వేలు!

నాకు ఎంత సంతోషం వేసిందంటే, లేచి వంటింట్లోకి వెళ్ళి మళ్ళీ స్టవ్ వెలిగించి కాఫీ పెట్టుకున్నాను. పెద్ద కంపెనీవాళ్ళ లెక్కలో తప్పు, పదో తరగతి చదివిన నేను పట్టుకున్నాను! కాఫీ తాగుతూ ఇంకో పేజీ తిప్పాను. అక్కడ ఉంది. "వంటింటి పక్కగది, గోడబీరువా టేకు తలుపులు, వరద వల్ల చెడినవి, 18,000 రూపాయలు."

కాఫీ చేదైపోయింది.

చూడండి, అంతదాకా ఆ పద్దెనిమిది వేలు నన్ను బాధపెట్టలేదు. వాళ్ళు సగం కోశారు కనక, నా చిన్న తప్పు వాళ్ళ పెద్ద తప్పులో ఎక్కడో కలిసిపోయి చెల్లుకి చెల్లు అయిపోయింది. అన్యాయం జరిగినవాడికి ఉండే సుఖం అదే. తన తప్పులు తనకి కనపడవు. ఇప్పుడు "మీ లెక్క తప్పు, నిజమైన లెక్క ఇదీ" అని నేను ఉత్తరం రాయాలి. ఆ నిజమైన లెక్కలో చెదలు తిన్న తలుపులు ఉండొచ్చా?

మావారిని అడిగితే విసుక్కున్నారు. "ఇంకా నయం, హరిశ్చంద్రుడి చెల్లెలివి! పాలసీలో చూశావా? మోసపు క్లెయిం చేస్తే మొత్తం హక్కులన్నీ పోతాయని ఉంది. ఇప్పుడు నువ్వు నోరు విప్పావంటే, ఆ ఒక్క బీరువా పట్టుకుని లక్షా ఇరవై వేలు కూడా ఎగ్గొడతారు."

ఆయన మాటలో న్యాయం లేదనలేను. ధర్మరాజు అంతటివాడు యుద్ధంలో సగం మాట గట్టిగా, సగం మాట మెల్లగా చెబితే, అంతదాకా భూమికి నాలుగంగుళాల ఎత్తున పోయే ఆయన రథం నేలకి దిగిందట. కాని నాది రథం కాదు. నా బీరువా కింద అప్పటికే నాలుగంగుళాల బురద ఉంది. ఇంకా ఎక్కడికి దిగుతుంది?

చెల్లెలి కొడుకుని అడిగితే వాడు నవ్వి ఒక కథ చెప్పాడు. ఇంగ్లండులో 1766లో జరిగిన కేసట. సుమత్రా దీవిలో ఇంగ్లీషువాళ్ళ కోట ఒకటి ఉండేది. ఆ కోట గవర్నరు, శత్రువులు పట్టుకుంటే నష్టం ఇవ్వాలని ఇన్సూరు చేయించాడు. ఫ్రెంచివాళ్ళు పట్టుకోనే పట్టుకున్నారు. ఇన్సూరు చేసినవాడు, "కోట బలహీనమని నువ్వు నాకు చెప్పలేదు, కనక ఇవ్వను" అన్నాడు. మాన్స్‌ఫీల్డ్ ప్రభువనే జడ్జి గవర్నరు పక్షానే తీర్పు చెప్పాడు. ఇన్సూరెన్సులో ఇద్దరూ ఒకరి దగ్గర ఒకరు దాపరికం లేకుండా ఉండాలనే సూత్రానికి అదే పునాది అయిందట. దాచకూడదన్న ధర్మం కట్టినవాడికే కాదు, కట్టించుకున్నవాడికి కూడానట.

"అంటే వాళ్ళు తప్పు చేశారు కనక నేనూ చెయ్యొచ్చా?" అన్నాను.

"అది లా పుస్తకంలో లేదు పెద్దమ్మా" అన్నాడు వాడు.

మా ఇంట్లో పనిచేసే యాదమ్మ ఈ వాదాలన్నీ గిన్నెలు తోముతూ వింటూనే ఉంది. వాళ్ళది చెరువు పక్క బస్తీలో ఒక్క గది ఇల్లు. అదీ అద్దెది. ఆమెకి పాలసీ లేదు, సర్వేయరు లేడు. ప్రభుత్వం వరద బాధిత కుటుంబానికి పదివేలు ప్రకటించాక, నవంబరులో మీసేవ కేంద్రం ముందు రెండు రోజులు నిలబడింది. నగరపాలక ఎన్నికల వల్ల 18వ తేదీన దరఖాస్తులు ఆపేస్తే, వరసంతా చెదిరి ఇంటికి పోయింది.

"మీ ఇంట్లకెంత నీళ్ళొచ్చినయో మా ఇంట్లకు గూడ గన్నే వచ్చినయి గదమ్మా. మీకు రాసిచ్చిన కాయితమున్నది. మాకు లేకపాయె" అంది.

కోపంగా అనలేదు. బియ్యం అయిపోయాయన్నట్టు అంది. నాకు అప్పుడు తెలిసింది, నేను అడగబోతున్నదానికీ, యాదమ్మ వరసలో నిలబడ్డదానికీ తేడా ఎక్కడుందో. నాది హక్కు. నాకిచ్చేవాళ్ళకి నామీద జాలి అక్కరలేదు. కాగితం చూసుకుంటే చాలు. యాదమ్మది ఇచ్చేవాళ్ళ దయ. దయకి తేదీలుంటాయి, ఎన్నికలుంటాయి. కడుపు నిండిన మనం హక్కు ఉండి కూడా అడగడానికి సిగ్గుపడి, దాన్ని మర్యాద అనుకుంటాం. నా హక్కుని నేను వదిలేసుకుంటే యాదమ్మకి ఒరిగేదేమీ లేదు. కనక అడగాలి. ఆ మాట నాలో గట్టిపడింది.

కాని, హక్కుగా అడిగేటప్పుడు చేతిలో ఉన్న కాగితం శుభ్రంగా ఉండాలి గదా! ఇన్సూరెన్సు డబ్బంటే ఏమిటి? వెయ్యి ఇళ్ళవాళ్ళు తలా కాస్త వేసిన హుండీ. అందులో ఎల్బీనగర్‌లో మా చెల్లెలు కట్టిన ప్రీమియం ఉంది, ఇంకెవరో పెన్షను మీద బతికే మాస్టారిది ఉంది. కంపెనీ పేరు పెద్దది కనక మనకి మనుషులు కనపడరు. బొమ్మ లేని హుండీలో చెయ్యి పెట్టడం తేలిక.

నాలుగో రాత్రి తెల్లవారాక ఉత్తరం రాశాను. మొదటి పేరాలో వాళ్ళ తప్పు, మేడ వాటా రిజిస్ట్రేషన్ నకలుతో సహా. రెండో పేరాలో నా తప్పు. "గోడబీరువా తలుపులు వరదకి ముందే చెదలవల్ల చెడినవి. పొరపాటున అంచనాలో చేరినవి. ఆ మొత్తం తీసివేయగలరు." మావారు చదివి, రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

ఆ "పొరపాటున" అన్న మాట మీరు గమనించారా? నేనూ గమనించాను. గమనించే ఉంచేశాను. పూర్తి నిజం చెప్పడానికి ఇంకో అంగుళం ధైర్యం కావలసివచ్చింది, అది దొరకలేదు. అసలు ఆ రెండో పేరా రాయించింది నిజాయితీయా, లేక ఎప్పటికైనా చెదల సంగతి బయటపడితే మొత్తం పోతుందన్న భయమా అని ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. రెండూ ఉన్నాయేమో! పాలు, నీళ్ళు వేరుచేసే హంస మన మనసులో ఉండదు. అయినా, భయంతోనైనా నిజం చెప్పినవాడి చేతిలో మిగిలేది నిజమే గదా అని సరిపెట్టుకుంటాను.

నెల తిరిగేలోపల జవాబు రాకపోతే బీమా అంబుడ్స్‌మన్‌కి రాద్దామనుకున్నాం. లక్డీకాపూల్ దగ్గర ఉంది ఆఫీసు. వకీలు అక్కరలేదు, ఫీజు లేదు. మొదట కంపెనీకి రాసి, వాళ్ళు కాదన్నాకనో, నెల దాటాకనో ఏడాదిలోపల వెళితే చాలు. అవసరం పడలేదు. జవాబు వచ్చింది. వైశాల్యం సవరించి, పద్దెనిమిది వేలు తీసేసి, రెండు లక్షల ఇరవై రెండు వేలు మంజూరు చేశారు. పొరపాటుకి చింతిస్తున్నామని ఒక ముక్క. నా రెండో పేరా గురించి ఒక్క మాట లేదు. తిట్టలేదు, మెచ్చుకోలేదు. కూడికలో ఒక తీసివేత, అంతే. నాలుగు రాత్రుల నిద్ర ఖరీదు అంత తేలిగ్గా తేలిపోయింది.

తరవాత 2021 ఏప్రిల్ నుంచి ఇళ్ళకి భారత్ గృహరక్ష అని అన్ని కంపెనీలకీ ఒకే రకం పాలసీ వచ్చింది. అందులో ఇంటి విలువ కాస్త తక్కువ పడిందని సగానికి కోసే పద్ధతి తీసేశారు. ఇంటికి తీసుకుంటే, ఇంటి మొత్తంలో ఇరవై శాతం దాకా, పది లక్షలకి మించకుండా, సామానుకి కూడా రక్షణ ఉంటుంది. మీ ట్రంకుపెట్టెలో కాగితం ఉంటే ఈ మధ్యాహ్నం ఒకసారి తీసి చదవండి. వరద వచ్చాక చదివితే అక్షరాలు అలుక్కుపోయి ఉంటాయి.

కథ ఇక్కడితో అయిపోతే బాగుండేది. మావారు నాతో మాటలు మొదలెట్టిన రోజున ఒక మాటన్నారు. "ఆ పద్దెనిమిది వేలు కంపెనీకి వదిలేశావు. వాళ్ళకదొక లెక్క కాదు. అదే తీసుకుని యాదమ్మకి ఇచ్చి ఉంటే, పుణ్యమైనా దక్కేది."

నేను వెంటనే జవాబు చెప్పాను. "హుండీలో డబ్బు తీసి దానం చేస్తే పుణ్యం నాకెందుకొస్తుంది? ఇవ్వదలుచుకుంటే మన డబ్బే ఇవ్వాలి."

చాలా గొప్పగా చెప్పాననుకున్నాను. ఆయన ఒప్పుకున్నారు కూడా. ఆ సాయంత్రం మన డబ్బులోంచి యాదమ్మకి రెండు పాత చీరలూ, ఐదు వేలూ ఇచ్చాను. పద్దెనిమిది కాదు, ఐదు. కంపెనీకి వదిలినప్పుడు పద్దెనిమిదైన చెయ్యి, నా బీరువాలోంచి తీసేసరికి ఐదెందుకైందో! కొత్త తలుపులు చేయించాలి, రంగులు వేయించాలి, ఫ్రిజ్జు కొనాలి అని లోపల లెక్కలు వేసుకున్న మాట నిజం. యాదమ్మ కళ్ళకద్దుకుని పుచ్చుకుంది. ఇంకా కావాలని అడగలేదు.

అడగందే అమ్మైనా పెట్టదట. మరి నేను అమ్మను కాదుగా, అమ్మగారిని!